చేతిలోకి ఊడొచ్చిన స్టీరింగ్

చాలా ఏళ్లకు మా చెరువు నిండితే, చూడవచ్చేవాళ్లను తిప్పడానికి పాత ఫైబర్ బోటు కొన్నాను. స్టీరింగ్ బిగించిన దిమ్మ ఊగుతోంది. లోపలి చెక్క పుచ్చిపోయింది. దాన్ని మార్చే పని నా చిన్ననాటి స్నేహితుడు, వడ్రంగి ఓబులేసుకు అప్పగించాను.

"కొత్త చెక్క ఏసినాలే, నిబ్బరంగా పోరా" అన్నాడు.

మొదటిరోజు నా కూతురిని ఎక్కించుకున్నాను. చెరువు మధ్యలో మలుపు తిప్పగానే దిమ్మ ఊడి నా మీద పడింది. బోటు కట్ట రాళ్ల మీదికి దూసుకుపోతుంటే ఎలాగో ఇంజను ఆపాను. పాప నన్ను కరుచుకుని ఏడ్చింది. దిమ్మ లోపల అదే పుచ్చు చెక్క, పైన కొత్త రంగు.

"కొన్నాళ్లు ఆగుతాదిలే అనుకుంటి" నిలదీస్తే అన్నాడు ఓబులేసు, తలెత్తకుండా.

చెక్క నేనే మార్చుకున్నాను. ఆ రోజు నాకు పట్టుకున్న నీళ్ల భయమూ పోయింది. కానీ ఆ ఉదయం పాపను ఎత్తి బోటులో కూర్చోబెట్టింది ఓబులేసే. అది మాత్రం మరచిపోలేకున్నాను.