నా జెర్సీ అడిగిన మేడం

మేడం పోయారని మంగళవారం పొద్దున తెలిసింది. మిర్యాలగూడలో నేను పనిచేసే రైస్ మిల్లు ఆఫీసు తాళం తీసి అప్పుడే కూర్చున్నాను. మా పాత ఫుట్‌బాల్ టీం వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది: "మేడం ఇగ లేరు. పొద్దుగాల్ల పోయిన్రు. సూర్యాపేట దవాఖానలనే ఉన్న." పంపింది నడిగూడెం పిల్ల. నాకు ముందు ఏడుపు రాలేదు. చివరి గడియలో మేడం పక్కన ఉన్నది ఆ పిల్లా, నేను కాదా అని కడుపు మండింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ మేడం గురించి రాస్తూ అబద్ధమాడితే ఆమె ఒప్పుకునే మనిషి కాదు.

సూర్యాపేటలో ఒక ప్రభుత్వ బాలికల పాఠశాలలో ఆమె ఆటల టీచరు. ఆడపిల్లలకు ఖోఖో చాలు, మహా అయితే త్రోబాల్ అనుకునే రోజుల్లో మాకు ఫుట్‌బాల్ నేర్పారు. బడి దాటిపోయిన మాలాంటివాళ్ళు కూడా ఆడుకోవాలని ఒక క్లబ్బు పెట్టారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చి నుంచి నేరుగా గ్రౌండుకు వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాన్వాస్ బూట్లు తొడుక్కునేవారు. ఆటకు ముందు అందరం వంగి గులకరాళ్ళు ఏరాలి. మాకంటే ముందు ఆమే వంగేవారు. విజిల్ మాత్రం అరుదుగా ఊదేవారు. "ఊకె ఊదితే ఎవరింటరే?" అనేవారు. స్టీలు డబ్బాలో ఉడికించిన శనగలు తెచ్చేవారు. గోల్ కొట్టినవాళ్ళకు కాదు, ఆ రోజు ఎక్కువసార్లు కిందపడిన పిల్లకు మొదటి గుప్పెడు పెట్టేవారు.

"బంతిని దాసుకోకు బిడ్డా, ఇచ్చెయ్. ఇస్తెనే మల్ల నీ కాడికొస్తది" అని నాతో ఎన్నిసార్లు చెప్పారో. నాకు ఇవ్వడం చేతకాదు. బంతిని ఇవ్వలేదు, మేడంను కూడా ఎవరికీ ఇవ్వలేకపోయాను.

నడిగూడెం దగ్గరి తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ ఎనిమిదో తరగతి చదివే ఆ పిల్ల టీంలోకి వచ్చేసరికి నేను డిగ్రీ పూర్తి చేసి, క్లబ్బుకు కెప్టెన్‌గా ఉన్నాను. ఆ పిల్ల ఎడమకాలితో కొడితే బంతి గాలిలో వంపు తిరిగి పోయేది. అప్పటిదాకా ప్రాక్టీసంతా నా పక్కన నిలబడే మేడం, మెల్లగా ఆ పిల్ల వైపు జరిగారు. అది నేను తప్ప ఎవరూ గమనించి ఉండరు. నేను రోజూ గమనించాను.

ఆ ఏడాది కోదాడలో మహిళల కప్పు పోటీలు పెట్టారు. సెమీఫైనల్‌లో మాకు మిర్యాలగూడతో ఆట. మరుసటి నెలలో నా పెళ్ళి. అత్తగారింట్లో బంతాట గురించి ఎవరూ మాట్లాడలేదు. అంటే ఒప్పుకోరనే అర్థం. ఆ కప్పే నాకు ఆఖరిదని తెలుసు. పొద్దున్నే జెర్సీ వేసుకుని చీలమండలకు గుడ్డ పట్టీలు కట్టుకుంటుంటే మేడం వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"నీ జెర్సీ జర ఇయ్యి బిడ్డా. ఇయ్యాల చిన్నపిల్లలు ఆడ్తరు."

"నేను కెప్టెన్ను గద మేడం."

"కెప్టెన్వే. అందుకే నిన్ను ముందుగాల అడుగుతున్న. హైదరాబాదు నుంచి స్పోర్ట్స్ స్కూలు సార్లు వొచ్చిన్రు. పద్నాలుగేండ్ల లోపోల్లనే తీసుకుంటరంట. మల్ల ఎన్నడొస్తరో తెల్వదు."

"నాకు వొచ్చే నెల పెండ్లి. మల్ల నేనెన్నడు ఆడుత?"

"ఫైనల్ల ఆడుదువు" అన్నారు, నా ముఖం చూడకుండా.

మాకు ఉన్నది ఒక్క సెట్టు జెర్సీలే. గోడ చాటుకు పోయి విప్పి ఇచ్చాను. నా చెమట ఆరని జెర్సీని నడిగూడెం పిల్ల వేసుకుంది.

మిర్యాలగూడ కోచ్ సారుతో మేడం ముందే మాట్లాడుకున్నారు. ఆయన కూడా చిన్నపిల్లలనే దింపారు. చూడ్డానికి వచ్చిన జనం "పెద్దోల్లు ఏరి?" అని గొణిగారు. ఆట మాత్రం బాగా సాగింది. నడిగూడెం పిల్ల మధ్య నుంచి ఇద్దరిని దాటుకుపోయి, గోల్‌కీపర్ అందుకోలేని మూలకు కొట్టింది. గ్రౌండంతా చప్పట్లు. బెంచీ మీద నేనొక్కదాన్నే చేతులు కట్టుకుని కూర్చున్నాను.

తర్వాత లేచి కమిటీ టేబుల్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ కూర్చున్న కోదాడ అతనికి రూల్సు కాగితం చూపించాను. "అన్నా, పెద్ద టీమోల్లు కనీసం ఏడుగురు ఆడాల్నని గీడ రాసి ఉన్నది గద. రెండు దిక్కుల పిల్లలే ఉన్నరు."

అతను కాగితం చదువుకుని, "అవునమ్మా, రాసే ఉంది. మీ మేడంగారికి తెలియక చేశారేమో?" అన్నాడు.

తెలియక అనుంటే అక్కడితో పోయేది. "తెల్సే జేసిన్రు" అన్నాను.

మేము ఒక గోల్ తేడాతో ఓడిపోయాం. నాకు ఫైనల్ లేకుండా పోయింది. స్పోర్ట్స్ స్కూలు వాళ్ళు ఇద్దరిని ఎంపిక చేసుకున్నారు, మిర్యాలగూడ గోల్‌కీపర్‌ను, మా నడిగూడెం పిల్లను. సాయంత్రం మైకులో రెండు క్లబ్బులకూ జరిమానా వేసినట్టు చదివారు. మేడం లేచి, "రూలుకు సంతకం పెట్టినం. తప్పినం. కడ్తం" అని కూర్చున్నారు. ఆ ఏడాది కొత్త బంతులు కొనలేక పాతవాటినే కుట్టించి ఆడించారని తర్వాత విన్నాను.

పెళ్ళయి నేను మిర్యాలగూడ వచ్చేశాను. నడిగూడెం పిల్ల రాష్ట్రం తరఫున ఆడింది. పేపర్లో ఫొటో పడ్డ రోజు మా ఆయన "మీ ఊరి పిల్లనేనా?" అని అడిగితే, మాది ఆ ఊరు కాదని చెప్పి పేపరు మడిచేశాను. ఎప్పుడైనా మేడం ఇంటికి పోతే ముందు గోడ మీది ఫొటోలు చూసేదాన్ని, ఆ పిల్లవి ఎన్ని, నావి ఎన్ని అని.

మొన్న ఎండాకాలంలో మేడంకు బాగా లేదని తెలిసి వెళ్ళాను. మంచం మీద సగం లేచి కూర్చున్నారు. చేతులు పుల్లల్లా అయ్యాయి. ఇన్నేళ్ళూ గొంతులో ఉన్న మాట చెప్పేశాను.

"మేడం, కోదాడల ఆనాడు రూలు సూపించింది నేనే."

"తెల్సు. ఆ కమిటీ పిలగాడు అప్పుడే జెప్పిండు."

"మరి నన్నెందుకు ఏమనలే?"

"నీ ఒంటి మీది జెర్సీ గుంజుకున్నదాన్ని, నిన్నేమంట?" కాసేపు ఊపిరి తీసుకున్నారు. "పద్నాలుగేండ్లప్పుడు నువ్వు దానికంటె మంచిగ ఆడేదానివి. గిసోంటి స్కూలు ఒకటి ఉన్నదని అప్పుడు నాకే తెల్వదు. ఎవర్ని పిలవాల్నో తెల్వదు. తెల్సేవరకు నీ వయసు దాటిపాయె. దానికైన ఆలస్యం గావొద్దని ఉరికిన. నీకు రెండుసార్లు అన్యాలం జేసిన బిడ్డా."

తిరుగు బస్సులో మిర్యాలగూడ దాకా "దానికంటె మంచిగ" అన్న మాటనే నెమరేసుకున్నాను. దిగేసరికి ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. నాకు కుళ్ళు ఆ పిల్ల ఎడమకాలి మీద కాదు. అది పుట్టిన ఏడాది మీద. ఆ కుళ్ళు ఇప్పటికీ పోలేదు. మేడంకు నా మీద కోపం లేకపోవడం వల్ల కూడా పోలేదు.

బుధవారం సమాధుల తోటకు తీసుకెళ్ళేటప్పుడు, శవపేటికను శిష్యురాళ్ళే మోస్తామంటే మేడం తమ్ముడు కాదనలేదు. ముందు కుడివైపు నడిగూడెం పిల్ల పట్టింది. నేను వెనకాల నడుస్తున్నాను. రోడ్డు మలుపులో అది వెనక్కి తిరిగి నన్ను చూసి, "అక్కా, ఎడమ దిక్కు పట్టుకోరాదా" అంది. అక్కడున్న అమ్మాయి తప్పుకుంది. నేను భుజం ఆనించాను. ఆ పిల్ల నాకంటే చాలా పొడగరి. పేటిక నా వైపుకు ఒరిగి, బరువంతా నా భుజం మీదికి వచ్చింది.  ఆ పిల్ల మోకాళ్ళు కొంచెం వంచి, నా ఎత్తుకు దిగి, తోట గేటు దాకా అట్లాగే నడిచింది.