మూతి లారీలో పెళ్లిచూపులు

ఆ రోజుల్లో మాకు ఆదివారం నాడు రెండు ఆరాధనలు ఉండేవి. పొద్దున చర్చిలో ఒకటి, మధ్యాహ్నం షెడ్డులో ఇంకొకటి. మొదటిదానికి ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లం. రెండోదానికి నేనూ మా మేనమామా ఇద్దరమే. ఇప్పుడు ఆలోచిస్తే, నాకు రెండోదాంట్లోనే భక్తి కాస్త ఎక్కువగా ఉండేదని ఒప్పుకోవాలి (మా పాస్టరు గారు ఇది చదవరని నా ధైర్యం). మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. ఇప్పుడక్కడ ఏ మలుపు తిరిగినా వెంచర్ల బోర్డులే కనిపిస్తాయి గానీ, అప్పట్లో మా పొలంలో ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో ఒక ముసలి లారీ ఉండేవి. ముందు ఇంజను డొప్ప పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చి ఉండే పాతకాలపు బండి అది. ఊరంతా దాన్ని మూతి లారీ అని వెక్కిరించేది. ఆ మూతి ఎంత అందమైందో మామకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మామ వయసులో ఉన్నంతకాలం దూరపు కిరాయిలు తోలి తోలి, నడుము నొప్పితో ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి. తను మొదట నేర్చుకున్న రకం బండి ఒకటి ఇటుకబట్టీ వెనక తుప్పు పట్టి, సీటు మీద కోళ్లు గుడ్లు పెడుతుంటే చూసి తట్టుకోలేకపోయాడు. ఇంకో బండితో గుంజించుకొచ్చి షెడ్డులో పెట్టాడు. నేను అప్పుడు మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో ల్యాబ్ అసిస్టెంటుని. వారమంతా పిల్లలకు రికార్డుల మీద సంతకాలు పెట్టి, ఆదివారం వచ్చేసరికి లారీ కింద దూరేవాణ్ని. బండి బరువు మోసే కమాన్ పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసి తుప్పు గీకి మళ్లీ బిగించడం, డీజిల్ పైపులో గాలి చేరితే నోటితో గుంజి తీయడం (ఆ రుచి నాలిక మీద బుధవారం దాకా ఉండేది), కీలుకీలుకీ గ్రీజు పట్టించడం, ఇవన్నీ మామ చెప్తుంటే చేసేవాణ్ని. ఇక నడపడం ఇంకో చదువు. గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, ఆ రెంటి మధ్యా ఇంజను మోత విని అది ఒప్పుకుందో లేదో కనుక్కోవాలి. ఒప్పుకోకపోతే అది చేసే చప్పుడుకి రోడ్డు పక్కన మేస్తున్న బర్రెలు కూడా తలెత్తి చూసేవి.

బండి నడిచే స్థితికి వచ్చాక ఆదివారం సాయంత్రాలు చేవెళ్ల దాకా పోయి వచ్చేవాళ్లం. ఇదే ఎవరికీ మింగుడుపడేది కాదు. చేవెళ్ల కూరగాయల మార్కెట్టు ముందు ఆపితే హమాలీలు చుట్టూ మూగేవారు.

"ఏం లోడన్నా?"

"లోడు లేదే."

"మరి ఎత్తనీకి వచ్చిన్రా?"

"ఎత్తేది లేదు, దించేది లేదు. ఊకెనే తిప్పుతున్నం."

"ఊకెనా? డీజిల్ ఊకె వస్తున్నదా మీకు?"

మామ మీసాల్లో నవ్వుకునేవాడు. మా అమ్మకు మాత్రం నవ్వొచ్చేది కాదు. "మందికి కుక్క సోపతి, కోడి సోపతి ఉంటది. వీళ్లకు లారీ సోపతి దొరికింది. గీ పిచ్చోనికి పిల్లనెవలిస్తరు" అని చర్చి మెట్ల మీద కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేది. ఆ ప్రచారం వల్ల వచ్చే సంబంధాలు కూడా రావడం మానేశాయి.

అట్లాంటి సమయంలో శంకర్‌పల్లిలో చుట్టుపక్కల చర్చిల పాటల కూడిక ఒకటి జరిగితే వెళ్లాను. గేటు దగ్గర ఒకమ్మాయి, వాళ్ల నాన్న మోపెడ్ స్టార్టు కాక మొరాయిస్తుంటే, జడలోని పిన్ను తీసి ప్లగ్గు గీకి, ఉఫ్ అని ఊది, బిగించి, ఒక్క తన్ను తన్నింది. బండి లేచింది. ఆమె చేతులు చున్నీకి తుడుచుకుని పిన్ను మళ్లీ జడలో పెట్టుకుని లోపలికి వెళ్లి రెండో వరుసలో నిలబడి పాడింది. ఏం పాట పాడారో నాకు గుర్తు లేదు. చాలా నెలల తర్వాత మా పాస్టరు గారు ఒక సంబంధం తెచ్చి ఫోటో చూపిస్తే, అందులో ఉన్నది ఆ అమ్మాయే. అంతకుముందూ ఆ తర్వాతా నేను దేవుణ్ని అంత గట్టిగా ఏదీ అడగలేదు. నాకు ఈ పెళ్లి జరగాలి, అంతే.

చూపులనాడు కిరాయికి మాట్లాడుకున్న బండివాడు పొద్దున్నే ఫోన్ చేశాడు, దూరపు కిరాయి తగిలిందట, రాలేనన్నాడు. చర్చి ముందు అందరం పట్టుబట్టల్లో నిలబడిపోయాం. పాస్టరు గారు గడియారం చూసుకుంటున్నారు. మామ అప్పటికే షెడ్డు వైపు నడుస్తున్నాడు.

"మన బండి లేదా?"

"అన్నా, నీకు దండం పెడత" అంది అమ్మ, "పిల్లను చూడనీకి పోతున్నమా, ఇసుక తేనీకి పోతున్నమా?"

కానీ వేరే దారి లేదు. చర్చి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వెనక తాళ్లతో కట్టి అమ్మనీ, చిన్నమ్మనీ, బాపునీ కూర్చోబెట్టాం. ముందు మామ, పాస్టరు గారు, వాళ్లిద్దరి మధ్య గేరు రాడ్డుని మోకాళ్ల నడుమ పెట్టుకుని పెళ్లికొడుకు. ఎక్కేముందు అమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "బిడ్డా, లారీ సంగతి అడుగుతరు. అడిగితే అమ్మేస్తం అని చెప్పు. ఎక్కువ మాట్లాడకు." మామ డొప్ప ఎత్తి ఆయిలు చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. ఆ వారమే బండి సెల్ఫు పాడైంది. షెడ్డు దగ్గర వాలు ఉంది కాబట్టి దొర్లించి స్టార్టు చేశాం గానీ, శంకర్‌పల్లిలో వాళ్ల గల్లీ అరచేయిలా చదును. ఆపితే మళ్లీ పదిమంది నెట్టాలి. "ఇంజను ఆపేది లేదు, మీరు పోయి మాట్లాడున్రి, నేను బండ్లనే కూసుంట" అని తేల్చేశాడు మామ. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ తిరుగుతూ ఆగిపోబోయినప్పుడల్లా ఆయన ఎక్స్‌లేటర్ తొక్కి రేసు ఇచ్చేవాడు. అప్పుడు ఆ ఇంటి కిటికీ రెక్కలు, షోకేసులో గాజు గ్లాసులు, మా గుండెలు కలిసి అదిరేవి.

పాస్టరు గారు ప్రార్థనతో మొదలుపెట్టారు. సరిగ్గా ఆమెన్ దగ్గర మామ రేసు ఇచ్చాడు. ఆమెన్ ఎవరికీ వినపడలేదు. అందరం తలలు వంచుకుని అట్లాగే ఉండిపోయాం. ఎవరు ముందు కళ్లు తెరుస్తారా అని నేను ఒక కన్ను తెరిస్తే, ఎదురుగా ఆమె కూడా ఒక కన్ను తెరిచి నవ్వు ఆపుకుంటోంది. వాళ్ల తాతయితే ఫలహారాల ప్లేటు మోకాలికి తగిలేదాకా కళ్లు తెరవలేదు.

తర్వాత మాటలు. పిల్ల తండ్రి బాపు వైపు వంగి అడిగాడు. "పిలగానికి తాగుడు గిట్ల ఉన్నదా?"

బాపుకి చాయ్ తాగుతాడా అన్నట్టు వినిపించింది. "ఎందుకు తాగడు, పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. చక్కెర జర ఎక్కువ ఉండాలె" అన్నాడు ఎంతో మురిపెంగా.

పాస్టరు గారు లేచి నిలబడి "చాయ్! చాయ్!" అని అరిచి పరువు కాపాడారు. దాంతో వాళ్ల వంటింట్లోంచి ఇంకోసారి అందరికీ చాయ్ వచ్చింది.

చివరికి పెద్దవాళ్లు మమ్మల్నిద్దరినీ వాకిట్లోకి పంపారు, ఏమన్నా ఉంటే మాట్లాడుకోండని. లోపలే నయం. వాకిట్లో గేటుకి అవతల లారీ, ఇవతల మేము. ఆమె నా వైపు కంటే లారీ వైపే ఎక్కువ చూసింది. నాకు భయం పట్టుకుంది. ఇక అడుగుతుంది, అమ్మ చెప్పినట్టే అడుగుతుంది అనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి ఏదో అడిగింది. సరిగ్గా అప్పుడే మామ రేసు. నాకు "లారీ" అన్న ఒక్క మాట చెవిన పడింది. పెదవులు ఇంకా ఏదో అన్నాయి, చివర్లో కళ్లు ప్రశ్నలా ఆగాయి.

నేను ఛాతీ విరుచుకుని ఆ మోతను మించి అరిచాను. "ఫికర్ చెయ్యకున్రి! అమ్మేస్త!"

ఆమె ముఖంలో వెలుగు కొంచెం తగ్గినట్టనిపించింది. సిగ్గనుకున్నాను. ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు అర్థం కానిదంతా సిగ్గే. ఆమె తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. వెళ్లేముందు గేటు సందులోంచి లారీని ఇంకోసారి చూసింది. దాని పీడ ఎప్పుడు విరగడవుతుందా అని చూస్తోందనుకున్నాను.

ఇంటికొచ్చాక నాకు కుదురు లేదు. ఆమె అడిగింది, నేను మాటిచ్చాను. వాళ్ల జవాబు వచ్చేలోపే మాట నిలబెట్టుకుంటే ఎంత గొప్పగా ఉంటుంది! అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టువాళ్లు చాలాకాలంగా ఆ లారీని అడుగుతున్నారు. పిల్లలు ఎక్కి ఆడుకోవడానికి, పెద్దలు ఫోటోలు దిగడానికి. మామతో చెప్పడానికి నోరు రాలేదు. ఎట్లాగో చెప్పాను.

"పిల్ల అడిగిందా?" అన్నాడు.

"అడిగింది మామా."

"అడిగితె ఇయ్యాలె మరి."

తనే నడుపుకుంటూ తీసుకెళ్లి అప్పగించాడు. నన్ను రమ్మనలేదు. వాళ్లు ఆయన కళ్ల ముందే ఇంజను దింపేశారట, పిల్లలు ఆడుకునే చోట అది ఎందుకని. షేరింగ్ ఆటోలో తిరిగొచ్చి, అన్నం తిని పడుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశారు. పిల్ల వద్దన్నదట. కారణం చెప్పలేదట. మా ఇంట్లో కారణాలు బోలెడు పుట్టాయి. చాయ్ గురించి బాపు చెప్పిన జవాబని చిన్నమ్మ, వాళ్ల గేటు ముందు కారిన ఆయిలు మరకని అమ్మ. నేను ఏ కారణమూ వెతకలేదు, చాలా రోజులు సరిగ్గా తినలేదు. మామ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కొన్ని ఆదివారాలు అలవాటు కొద్దీ షెడ్డుకు వెళ్లి, ఖాళీ నేల మీద స్టూలు వేసుకుని బీడీ కాల్చుకుని వచ్చేవాడు. నేను వెళ్లలేకపోయేవాణ్ని. ఆ తర్వాత నాకు మంచి ఇల్లాలు దొరికింది, పిల్లలు పుట్టారు. మామ రెండేళ్ల కింద పోయాడు. మళ్లీ ఒక పాత బండి తెచ్చుకుందాం మామా అని నేను ఆయనతో ఎన్నడూ అనలేదు. ఎందుకు అనలేదో నాకిప్పటికీ తెలియదు. అనవలసింది.

మొన్నామధ్య చేవెళ్ల దగ్గర ఫంక్షన్ హాల్లో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుంది. నన్ను కాసేపు పరీక్షగా చూసి, "అన్నా, మీరు లారీల వచ్చిన్రు కదా, శంకర్‌పల్లికి?" అంది (ఆ అన్నా అన్న పిలుపు దగ్గర నాకు అన్నం గొంతులో అడ్డం పడింది). జుట్టు అక్కడక్కడ నెరిసింది గానీ ఆమే. భర్త రైల్వేలో చేస్తాడట, ఇద్దరు పిల్లలట. నా సంగతులు అడిగింది, చెప్పాను.

"లారీ ఉన్నదా ఇంక?"

"ఎక్కడ ఉంటదమ్మా. మీరు అడిగిన్రని గదా, ఆ వారమే అమ్మేసిన."

ఆమె చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "నేనా? నేనెప్పుడు అమ్మమన్న?"

"వాకిట్ల. లారీ అమ్ముతరా అని అడగలేదా?"

"అయ్యో అన్నా!" అని ఆమె నవ్వబోయి ఆగింది. "మీ మామ ఒకటే మోత చేస్తుండె గద. మీ ఆదివారం తిరుగుడు సంగతి పాస్టరు గారు ముందే చెప్పిన్రు. నేనడిగింది, పెండ్లయినంక ఆదివారం లారీల నన్ను గూడ తీస్కపోతరా అని. నడుపుడు నేర్పిస్తరా అని. మీరేమో అమ్మేస్త అన్నరు. ఇగ నాకేం సమజ్ గాలె. అంత పానంగ చూసుకునేటిదాన్ని ఒక్క మాటకు అమ్మేటోడు రేపు నన్నేం చూస్తడు అనుకున్న. అమ్మతోని వద్దన్న."

వడ్డించే అబ్బాయి వచ్చి బగారా అన్నం వెయ్యమంటారా అని అడిగాడు. ఇద్దరం వద్దన్నాం.

"గట్ల అడిగిన్రని తెలిస్తే తీస్కపోతుంటి" అన్నాను. ఆ మాట బయటికొచ్చాక ఎంత ఆలస్యంగా వచ్చిందో అర్థమైంది.

"ఇప్పుడెరికైంది" అంది మెల్లగా. వాళ్లాయన దూరం నుంచి చెయ్యి ఊపుతుంటే లేచి, వదినను అడిగినట్టు చెప్పమని, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

నేను ఆ విస్తరి ముందు ఇంకాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు గానీ మామ మీద బెంగ వచ్చింది, ఆయనకు ఈ మాట చెప్పగలిగితే ఎంత తిట్టేవాడో, ఎంత నవ్వేవాడో. ఆ తర్వాత ఆ వాకిట్లో నిలబడిన ఇస్త్రీ చొక్కా కుర్రాడు కళ్లలో మెదిలాడు. ఆ అమ్మాయి కోసం తన దగ్గరున్న ఒకే ఒక్క గొప్ప వస్తువును ఇచ్చేస్తానని గొంతు చించుకుని అరుస్తున్నాడు పాపం, ఆమె వాణ్ని అడుగుతున్నదేమో దానిలో కాస్త చోటే. వాణ్ని చూస్తే నాకు కోపం రాలేదు. వాడి కాలరు సర్దాలనిపించి, నవ్వొచ్చింది.