చెరువు మీద కట్టిన టేపు రీలు

దయ్యాల వార్తలు నా చేతి మీదుగా చాలా వెళ్ళాయి. ఏలూరులో ఒక దినపత్రికకు జిల్లా పేజీ చూసేవాడిని. ఫలానా తోపులో తెల్లచీర కనిపించిందనీ, మూతపడిన రైసు మిల్లులో మిషను దానంతటదే తిరుగుతోందనీ విలేకరులు రాసి పంపేవారు. ఊళ్ళోవాళ్ళు ఇలా అంటున్నారని నాలుగు లైన్లకు కుదించేవాడిని. చోటు చాలకపోతే ఆ నాలుగూ తీసేసేవాడిని. ఒక్కటీ నమ్మలేదు. ఇవాళ నమ్మమన్నా నమ్మను. జరిగింది జరిగినట్టు చెప్పడం వరకే ఇక్కడ నా పని.

మా అక్క పేరు రత్నం. నాకంటే ఆరేళ్ళు పెద్దది. భీమడోలు దాటి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఇచ్చారు. బావగారికి అప్పట్లో వరి పొలం. తర్వాత దాన్నే చేపల చెరువు చేశారు. వాళ్ళ కూతురు సుజాతకు రెండేళ్ళు నిండాయో లేదో, అక్క జ్వరంతో పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే.

అక్కకు రేడియో పిచ్చి ఉండేది. మధ్యాహ్నం లలిత గీతాలు వచ్చే వేళకు స్టూలు మీద రేడియో పెట్టి, దాని ఎదురుగా టేప్ రికార్డర్ పెట్టి, రెండు మీటలూ కలిపి నొక్కేది. ఇక ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. గిన్నె చప్పుడైనా ఊరుకునేది కాదు. అందర్నీ అలా కూచోబెట్టి, తను మాత్రం పాటతో పాటు లోగొంతుకతో కూనిరాగం తీసేది. తీస్తున్నట్టు తనకే తెలిసేది కాదు. కేసెట్ మళ్ళీ వేసినప్పుడు రేడియో పాట కింద సన్నగా అక్క గొంతు వినపడేది. ఒక పాటలో రెండో చరణం దగ్గర మాట మర్చిపోయి, ‘నననా’ అని నింపి, చిన్నగా నవ్వి, అర తాళం ఆలస్యంగా మళ్ళీ అందుకుంది. ఆ ముక్క వచ్చినప్పుడల్లా బావగారూ నేనూ ఆటపట్టించేవాళ్ళం.

అలాంటి కేసెట్లు పదకొండు మిగిలాయి. అక్క గొంతు ఇంకెక్కడా లేదు.

రిటైరయ్యాక నాకు పాటలు పోగుచేసే సరదా పట్టుకుంది. ఉన్న కేసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. బావగారి ఇంటి అటక మీద ఉన్న ఆ పదకొండూ అడిగి తెచ్చుకున్నాను. ఏలూరులో కరీం గారి దుకాణం ఉంది. ఒకప్పుడు మనం జాబితా రాసిస్తే అరవై నిమిషాల కేసెట్‌కు సరిగ్గా సరిపోయేలా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగు చేస్తున్నారు గానీ, పాత కేసెట్ డెక్కు మాత్రం అమ్మలేదు.

ఏ ఫార్మాట్‌లో చెయ్యమంటారని అడిగారాయన. నాకు తేడా తెలియదంటే విడమరిచి చెప్పారు. వేవ్ ఫైలు ఉన్నదున్నట్టు ఉంచుతుంది, బోలెడంత చోటు తింటుంది. ఫ్లాక్ ఏమీ పోనివ్వకుండా దాన్నే మడతపెట్టి ఇంచుమించు సగం చేస్తుంది. ఎంపీత్రీ అయితే మన చెవికి ఆనదనుకున్న శబ్దాలను తీసి పారేసి చిన్నది చేస్తుంది. సెకనుకు ఎంత శబ్దం ఉంచాలో చెప్పే రేటు ఎంత తగ్గిస్తే అంత ఎక్కువ పారేస్తుంది.

“ఏవండీ, సినిమా పాటలైతే ఎలా చేసినా పర్లేదు. బయట దొరుకుతాయి. ఇంట్లోవాళ్ళు చేసుకున్న కేసెట్లు మాత్రం ఫ్లాక్‌లో పెట్టుకోండి. తీసేసింది మళ్ళీ రాదండీ.”

నేను వినలేదు. నా హార్డ్ డిస్కు అప్పటికే నిండిపోతోంది. ఎంపీత్రీ చాలు, రేటు అరవై నాలుగు చాలు అన్నాను. వెనకాల సర్రుమనే గోల కూడా తీసెయ్యమన్నాను. ముప్పై ఏళ్ళు చోటు కోసం మాటలు తీసేసినవాడిని. తీసేసిన మాట ఏమైందని పాఠకులెవరూ ఫోన్ చేసి అడగలేదు. పాట కూడా అంతేననుకున్నాను. ఫైళ్ళు వచ్చాక రెండు మూడు వేసి చూశాను. రేడియో గాయని గొంతు అద్దంలా ఉంది. సంతోషించాను. నేను సరిచూసింది పాటల్ని. అక్క ఉందో లేదో చూసుకోలేదు.

కేసెట్లు తీసుకెళ్ళి బావగారికి ఇచ్చేశాను.

“మళ్ళీ పని పడదు కదా?” అన్నారు.

“పడదండీ. అంతా కంప్యూటర్‌లో ఉంది.”

“చూసుకో మరి” అని ఇంకోసారి అన్నారు. పడదనే చెప్పాను.

మా వైపు చెరువులున్నవాళ్ళందరికీ నీటికాకులతో బాధ. గుంపుగా దిగాయంటే చేపపిల్లను మిగల్చవు. అందుకని గట్ల మీద కర్రలు పాతి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పాత కేసెట్ల రీలు లాగి కడతారు. ఎండకు తళుక్కుమంటుంది, గాలికి గుయ్యిమంటుంది. పిట్టలు జంకుతాయి. కేసెట్ల వాడకం పోయాక ఊళ్ళలో చాలా రీలు అలాగే చెరువుల మీదికి చేరింది. అక్క రీలు కూడా చేరింది. బావగారిని తప్పుపట్టడానికి లేదు. ఇక పనిలేదని చెప్పి ఇచ్చింది నేను.

రెండేళ్ళు గడిచాయి. సుజాత తాడేపల్లిగూడెంలో టీచరు. ఒకరోజు ఫోన్ చేసింది.

“మావయ్యా, మా పాపకి రెండేళ్ళు నిండాయండీ. దాన్ని చూస్తుంటే నాకొకటి అనిపిస్తోంది. ఈ వయసులో నాకు మాటలొచ్చు కదా, అమ్మ మాట ఒక్కటైనా గుర్తుండాలి కదా. ఏమీ లేదండీ. రేడియో పాటల్లో అమ్మ గొంతు ఉండేదని నాన్న చెప్పారు. ఒక్కసారి వినిపిస్తారా?”

సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పంపుతానమ్మా అన్నాను.

కూర్చుని పదకొండు కేసెట్ల పాటలూ విన్నాను. రెండు రోజులు పట్టింది. అక్క ఎక్కడా లేదు. తను ఉండాల్సిన చోట నీళ్ళలో మాట్లాడుతున్నట్టు ఏదో బుడబుడ మాత్రం ఉంది. ఆ రెండో చరణం దగ్గర అదీ లేదు.

ఫ్లాక్‌లో పెడితే తిరిగొస్తుందేమోనని ఎంపీత్రీలన్నిటినీ ఫ్లాక్‌లోకి మార్చాను. ఫైళ్ళు ఎన్నో రెట్లు ఉబ్బాయి. కరీం గారి దగ్గరకు పట్టుకెళితే చూసి తల పట్టుకున్నారు. “పిండేసిన బట్టను పెద్ద బకెట్లో వేస్తే, పోయిన నీళ్ళు తిరిగొస్తాయాండీ?” అన్నారు. ఆ రోజు ఎక్కించిన అసలు ఫైళ్ళు ఆయన కంప్యూటర్‌లో ఉన్నాయేమోనని అడిగాను. ఆ కంప్యూటరే మార్చేశారట. “కేసెట్లు ఎక్కడున్నాయో చూడండి. నాలుగు గజాల రీలు దొరికినా నేను అతికిస్తాను” అన్నారు. ఇంకోమాట కూడా చెప్పారు. ఇకమీదట ఏది రికార్డు చేసినా వేవ్‌లోనే చెయ్యమని, నా దగ్గరున్న పాత రికార్డర్ తీసుకుని సెట్టింగు ఆయనే మార్చి ఇచ్చారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రసంగాలు రికార్డు చేసుకున్న రికార్డర్ అది.

మర్నాడు బావగారి చెరువుకు వెళ్ళాను. ఆయన గట్టు మీద మేత బస్తాలు సర్దుతున్నారు. కేసెట్లు కావాలన్నాను. చెయ్యెత్తి చెరువు మీదికి చూపించారు.

నా మొహం చూశారు. తర్వాత, “నువ్వే కదయ్యా పనిలేదన్నావు. పేపరోళ్ళకి కత్తిరించడం వచ్చినంతగా దాచడం రాదు” అన్నారు. కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండేది.

కర్రకు కట్టిన చోట రీలు పట్టుకు చూశాను. రెండేళ్ళ ఎండకీ వానకీ నలుపు పోయి, గాజులాగా పలచబడింది. వేలితో రుద్దితే మిగిలిన గోధుమరంగు పొడి వేలికే అంటుకుంది. కొంచెం లాగితే తెగింది. అతికించడానికి అందులో ఏమీ లేదు.

మధ్యాహ్నం మూడు దాటింది. కొల్లేరు వైపు నుంచి గాలి బాగా వీస్తోంది. రీళ్ళన్నీ సన్నగా మోగుతున్నాయి. వట్టి చేతులతో సుజాత దగ్గరకు ఎలా వెళ్ళాలో తెలియలేదు. వాళ్ళమ్మ పాడిన రీలు చప్పుడైనా ఇద్దామని రికార్డర్ తీసి కర్రకు ఆనించి పెట్టాను. ఏడు నిమిషాలు రికార్డు చేశాను. బావగారు నా పక్కనే కూర్చున్నారు. ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. గట్టు మీద మూడో మనిషి లేరు. నా చెవులకు రీలు గుయ్యిమనడం, అప్పుడప్పుడు నీటికాకి అరుపు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను.

మర్నాడు పొద్దున దుకాణం తెరవగానే రికార్డర్ కరీం గారికి ఇచ్చాను. రీలు పనికి రాదనీ, చెరువు దగ్గర గాలి చప్పుడు రికార్డు చేశాననీ మాత్రమే చెప్పాను. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని స్క్రూడ్రైవర్‌తో ఏదో ఫోను విప్పుకుంటూ వింటున్నారు. కాసేపటికి చెయ్యి ఆగింది.

“పక్కన పాడుతున్న ఆవిడ ఎవరండీ?” అన్నారు.

హెడ్‌ఫోన్ లాక్కున్నాను. నాలుగో నిమిషంలో మొదలవుతుంది. ముప్పావు నిమిషం ఉంటుంది. రీలు మోత కింద, చాలా లోతుగా, ఆడగొంతు కూనిరాగం. రేడియో పాట లేదు, వాద్యాలు లేవు. గొంతు ఒక్కటే. ఆ లలిత గీతమే. రెండో చరణం దగ్గర మాట ఆగింది. ‘నననా’ అంది. నవ్వింది. అర తాళం వెనకగా అందుకుంది.

వెనక్కి జరిపి ఇంకోసారి విన్నాను.

ఆ గొంతు అక్కదిలాగే ఉందని అప్పుడు చెప్పాను. అలా జరగడానికి వీల్లేదండీ అన్నారాయన. రీలు మీద ఉండేది అయస్కాంతపు గుర్తులు. డెక్కులో వాటిని చదివే హెడ్డు మీదుగా సరైన వేగంతో నడిస్తే తప్ప అవి పలకవు. గాలికి మోగేది వట్టి ప్లాస్టిక్. పైగా ఆ గుర్తులు రాలిపోయిన సంగతి నేను కళ్ళారా చూశాను. రికార్డర్‌లో పాతది ఏదైనా ఉండి కలిసిందేమోనంటే, అక్క పోయిన చాలా ఏళ్ళకు కొన్న రికార్డర్ అది. అక్క కేసెట్లు దాని దగ్గరికి ఎప్పుడూ వెళ్ళలేదు.

సుజాతకు పంపుదామని ఎంపీత్రీ చేయించాను. అందులో గాలి ఉంది, పిట్టలు ఉన్నాయి, గొంతు లేదు. ఉన్నవాటిలో పెద్ద రేటు పెట్టి ఇంకోసారి చేశారు. అందులోనూ లేదు. దానికి ఆయన దగ్గర జవాబుంది. అంత సన్నటి శబ్దాన్ని ఎంపీత్రీ పారేసి ఉండొచ్చన్నారు. వేవ్‌లోకి ఎలా వచ్చిందన్నదానికి లేదు.

నా వృత్తి అలవాటు కొద్దీ ఆరా తీశాను. ఆ రోజు ఊళ్ళో పెళ్ళి లేదు, మైకు లేదు. చుట్టుపక్కల పాడుకుంటూ నాట్లు వేసే ఆడవాళ్ళూ లేరు. తర్వాత మూడుసార్లు అదే వేళకు వెళ్ళి, అదే కర్రకు ఆనించి వేవ్‌లోనే రికార్డు చేశాను. గాలి చప్పుడే వచ్చింది.

బావగారికి వినిపిద్దామని హెడ్‌ఫోన్ తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “నాకెందుకయ్యా? రీలు కట్టిన కాణ్ణించి సాయంత్రాలు గట్టు మీద వింటూనే ఉన్నాగా” అన్నారు. ఏం వింటున్నారని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన మేత కలపడానికి వెళ్ళిపోయారు.

వచ్చి వినమని ఫోన్ చేస్తే ఆదివారం సుజాత రైలుకు వచ్చింది. పాపను అత్తగారి దగ్గర వదిలి ఒక్కతే వచ్చింది. కరీం గారి దుకాణంలోనే కూర్చోబెట్టాం. అక్క మాట మర్చిపోయే అలవాటు గానీ, నవ్వు గానీ నేను తనకు ముందు చెప్పలేదు. ఎక్కడ రికార్డు చేశానో, రీలు ఏ స్థితిలో ఉందో మాత్రం అంతా చెప్పాను. దాచడం న్యాయం కాదనిపించింది.

మూడుసార్లు వింది. మొదటిసారి కళ్ళు మూసుకుంది. రెండోసారి, “ఇక్కడ మాట మర్చిపోయినట్టుందండీ, నవ్వుతోంది” అంది. మూడోసారి తనూ పెదవులు కదిపింది. ఆ పాట తను ఇంతకుముందు ఎప్పుడూ వినలేదట.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. కరీం గారు లేచి బయటకు వెళ్ళి నిలబడ్డారు.

“మావయ్యా, మీరు ఉన్నదే చెప్తారు. ఇది అమ్మేనా అండీ?”

రెండు చోట్ల ఖరారు కాని వార్త నేను ఏనాడూ వెయ్యలేదు. ఇది ఒక్కచోట కూడా కాలేదు. అదేమిటో, ఎలా వచ్చిందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

“అమ్మేనమ్మా” అన్నాను.