సున్నా అయితే?

మా ఎదురింటి లెక్కల సారు పోయారని వారి అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను కప్పగల్లులో ప్రవచనానికి కూర్చోబోతున్నాను. నా నోట వచ్చిన మొదటి మాట, "డాక్టరు నాడి సరిగా చూసినాడా తల్లీ?"

"చూసినాడు స్వామీ. నాయన్నే అడిగింటే ఇంకో డాక్టరుకీ చూపీమంటాండె."

కాలేజీ నుంచి రిటైరయ్యాక ఆయన పొద్దంతా వసారాలో కంప్యూటరు ముందే. అంకెలతో కాక అక్షరాలతో లెక్కలు చేసే ప్రోగ్రాం అది. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా లోపల చూడవచ్చు, తప్పు దిద్ది పంపవచ్చు. పైసా రాదు. పైసా రాని పనంటే నాకు నమ్మకం తక్కువ.

"ఎవరి లాభానికి సారూ ఈ వెట్టి?"

"సుమ్నె, ఊరికే చేస్తాండా. నీ మాదిరి హారతి పళ్లెం పెట్టలేదులే."

ప్రతిదాన్నీ అనుమానించే ఆయనకు, సంశయం మనిషిని ముంచుతుందని సంచిలోని గ్రంథం తీసి, గొంతెత్తి చదివాను.

"ఆ అచ్చులో తప్పు లేదని యాడ చూస్తివి స్వామీ?"

గురువు లేకుండా చదువుకున్నవాణ్ణి. ఆనాటి నుంచి రెండో ప్రతితో పోల్చకుండా నేను శ్లోకం చెప్పను. ఆ మేలు ఆయనదే.

సమీకరణంలో రెండు పక్కలా ఒకే అక్షరం ఉంటే ప్రోగ్రాం దాన్ని కొట్టేసేది. అది సున్నా కావచ్చేమోనని చూసేది కాదు. అలా ఒక జవాబు మాయమయ్యేది. సారు ఎంతో వెదికి దాన్ని దిద్దారు. దిద్దినా నిద్ర లేదు. రేపు ఎవడో తొందరగాడు మళ్లీ చెడగొడతాడని అనుమానం. అందుకే ఒక పరీక్ష రాసి పంపారు. ఎవరు ఏది మార్చినా అది సున్నా పెట్టి చూస్తుంది, జవాబు తప్పయితే ఎర్ర గుర్తు వేసి ఆపుతుంది. ప్రోగ్రాం బాగోగులు చూసే అవతలివాళ్లు "ఇది అవసరమా?" అని నెలలు నానబెట్టారు. ఆస్పత్రి మంచం మీదా ఆయనది ఒకటే మాట: "తీస్కున్యారా చూడు స్వామీ."

కన్నుమూశాక తీసుకున్నారు. మనిషి పోయాక మెచ్చేవాళ్లను నేను నమ్మను.

పెద్దకర్మ నాడు పెరట్లో పిండం పెట్టారు. కాకి వచ్చింది, ముట్టలేదు. ఏ కోరిక మిగిలిపోయిందోనని బంధువులు గుసగుసలాడారు. అమ్మాయి నన్ను వసారాలోకి పిలిచి కంప్యూటరు చూపింది. ఎక్కడో ఎవరో సరిగ్గా అక్కడే ఏదో మార్చబోయారు. తెర మీద ఎర్ర గుర్తు. పక్కన ఇంగ్లీషులో ఆయన రాసి పెట్టిన ప్రశ్న: సున్నా అయితే?

పెరట్లోకి వెళ్లి కాకికి చెప్పాను. "పట్టుకునింది సారూ."

అది పిండాన్ని వదిలి, మెడ ఓ పక్కకు వంచి, నన్ను పైనుంచి కింది దాకా చూసింది.