నిండుకున్న బ్యాటరీ

ఆ జపాను బొమ్మను మా మనవరాలి చేతిలో మొదటిసారి చూసినప్పుడు గడియారం అనుకున్నాను. కోడిగుడ్డులో సగం ఉండేది, తాళంచెవుల గొలుసుకు వేలాడేది. మూడు మీటలు, తపాలా బిళ్ళంత తెర. ఆ తెర మీద ఒక గుడ్డు అటూ ఇటూ కదిలి పగులుతుంది, నల్లటి చుక్కలాంటి పిల్ల బయటికి వస్తుంది. దానికి తిండి పెట్టాలి, పెంట ఎత్తాలి, నిద్రపోతే లైటు తీసెయ్యాలి. సరిగ్గా సాకితే కొమ్ములూ రెక్కలూ మొలిచి రాకాసి జంతువు అవుతుంది. పట్టించుకోకపోతే బురదముద్దలా తయారవుతుంది. మనం చేసిన తప్పులన్నీ యంత్రం లోపల లెక్క వేసుకుంటుందట, మనకు మాత్రం చూపించదట. నేను ఉద్యోగం విరమించేదాకా నూలు మిల్లులో జమాఖర్చులు చూసినదాన్ని. ఆ ఒక్క సంగతికే దాని మీద గౌరవం కలిగింది.

ఆ జంతువుల కథే సాయంత్రాలు టీవీలో తమిళంలో వచ్చేది. మనవరాలు అప్పుడు ఏడో తరగతి. మొదట బీన్స్ తరుగుతూ చూశాను. తరవాత తరగడం మానేసి చూశాను. కథలో పిల్లలకు తలా ఒక జంతువు. ఆపద వస్తే అది పెద్దదై పోరాడుతుంది. గెలుస్తుంది. గెలిచిన వెంటనే ఒళ్ళంతా అలిసి, మళ్ళీ అరచేతిలో పట్టేంత చిన్నదైపోయి, ఆకలి అంటుంది. మా అమ్మాయి అది పిల్లల గోల అనేది. అంతవరకు నేను విన్న వీరుల కథల్లో అలసట సంగతి దాచకుండా చెప్పినది అదొక్కటే. అందుకే ఒక్క రోజు కూడా తప్పకుండా చూశాను.

మాది కోయంబత్తూరు పక్కన తెలుగువాళ్ళ వీధి. మావాళ్ళు ఇక్కడికి ఎప్పుడు వచ్చారో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. అందాజు లెక్కలు నాకు గిట్టవు కనుక నేను చెప్పను. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో ఇంగ్లీషో. తెలుగు అక్షరాలు నాకు మా నాయన పలక మీద దిద్దిస్తే వచ్చాయి. మా అమ్మాయికి మాట వచ్చు, చదవడం రాదు. మనవరాలికీ అంతే. ఆ జంతువు గురించి మాత్రం నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేది. బడికి తీసుకుపోనివ్వరు కాబట్టి పగలంతా అది నా కొంగుకే వేలాడేది.

“అవ్వా, నా బిడ్డకు కూడు పెడితివా?”

“పెడితిని. పెంట కూడా ఎత్తితిని. నీ బిడ్డ నీ మాదిరే. తిన్న వెంటనే పండుకుంటాది.”

“పో అవ్వా!”

ఆ ఏడు పరీక్షలు అయ్యాక, మదురైలో ఉన్న మా వియ్యపురాలికి కంటి ఆపరేషను జరిగింది. అమ్మాయి, మనవరాలు బస్సులో వెళ్ళారు. దారిలో పోగొడుతుందని జంతువును నా దగ్గర వదిలారు. అప్పటికి అది అన్నిటికంటే పై రూపానికి చేరింది. వీధిలో ఏ పిల్ల దగ్గరా ఆ రూపం లేదు.

మంగళవారం మధ్యాహ్నం తెర మసకబారింది. మూలన బ్యాటరీ గుర్తు మిణుకుమిణుకుమంది. గుండీలాంటి ఆ బ్యాటరీని వెంటనే మారిస్తే లోపలి జంతువు నిలుస్తుందనీ, పూర్తిగా ఆగిపోతే మళ్ళీ గుడ్డు నుంచే మొదలనీ మనవరాలు చెప్పి ఉంది. తనను అడగకుండా వెనక మూతకున్న మరమేకు తీయకూడదని కూడా చెప్పి ఉంది. మదురైకి ఫోను చేశాను.

“కన్నూ, బాట్రీ నిండుకునింది. ఏమి చేసేది?”

“నిండుకునిందా? సూపర్ అవ్వా! అట్లే విడు. ఏమీ తాకొద్దు.”

“తాకొద్దా?”

“ఆమా, తాకొద్దు. రేపు వస్తా ఉండాము కదా.”

తాకలేదు. అది తన వస్తువు, తనకే తెలుసు అనుకున్నాను.

మా ఇంట్లో బియ్యం అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు. ఉప్పు, నూనె, పసుపు, ఏది ఖాళీ అయినా నిండుకున్నట్టే. లేదనే మాట గడప లోపల పలకడం మా అమ్మ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. మంగళ, శుక్రవారాల్లో అసలే కూడదు. కొంగుకు కట్టుకుని తిరిగినదాని గురించి తీరిపోయిందని ఎలా అంటాను? కానీ మనవరాలు బియ్యం డబ్బా మూత ఎన్నడూ తీసి ఎరగదు. ఆ పిల్లకు నిండుకోవడమంటే నిండడమే.

వాళ్ళు వచ్చేసరికి తెర మీద ఏమీ లేదు. కొత్త బ్యాటరీ వేస్తే గుడ్డు కనిపించింది.

“నిండింది అంటివి కదా!”

“నిండింది అనలేదు. నిండుకునింది అంటిని.”

“రెండూ ఒకటే!”

“ఒకటి కాదు.”

“అమ్మా, ఏడ్చే బిడ్డతో వ్యాకరణం ఏందమ్మా?” అని మా అమ్మాయి నన్నే కసిరింది.

మనవరాలు ముక్కు తుడుచుకుని నా మొహంలోకి చూసి, “ఇని ఎంగిట్ట తెలుంగు పేసాదీంగ, పాట్టి” అంది. ఇక మీదట నాతో తెలుగు మాట్లాడకండి అని. తెలుగులో నేను ‘అవ్వ’ను, ‘నువ్వు’ను. తమిళంలో ‘పాట్టి’ని, ‘మీరు’ను అయిపోయాను.

రెండు వారాల్లో సర్దుకుంటుంది అని లెక్క వేశాను. ఆ లెక్క తప్పింది. హైస్కూలు దాటింది, కాలేజీ దాటింది. నేను తెలుగులో అడిగేదాన్ని, ఆ పిల్ల తమిళంలో, ఎంతో మర్యాదగా, జవాబు చెప్పేది. మా అమ్మాయికి ఆఫీసు తమిళమే ఇంట్లోనూ నోటికి వచ్చేది. వీధిలో నా ఈడువాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నాతో తెలుగు మాట్లాడడానికి మిగిలినది ఆ పిల్ల ఒక్కతే, ఆమె మాట్లాడదు. పగలంతా ఎవరితోనూ అనకుండా దాచిన మాటలు సాయంత్రానికి బరువుగా ఉండేవి. కొన్నాళ్ళకు అడగడం కూడా తగ్గించుకున్నాను.

ఇప్పుడు మనవరాలు తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పని చేస్తుంది. సోమవారం బస్సెక్కితే శనివారం వస్తుంది. ఆ జంతువులు ఇప్పుడు అక్కడ పిల్లల బనియన్ల మీద అచ్చవుతున్నాయి. పాత బొమ్మ కూడా మళ్ళీ కొత్తగా అమ్మకానికి వచ్చిందట. ఒకటి తెప్పించి, ఒక ఆదివారం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

“వారం పూరా నీంగదాన్ పాత్తుక్కణుం, పాట్టి.” వారమంతా మీరే చూసుకోవాలి అని.

“నా చేత కాదు కన్నూ. మోకాళ్ళు లేవనీయవు.”

నవ్వి, తెల్లారి బస్సుకు పోయింది.

నిజంగానే నా చేత కాదు. అమ్మాయిని సాకాను, మనవరాలిని సాకాను, ఒకసారి దీన్నీ సాకాను. అది కీచుమన్నప్పుడల్లా కళ్ళజోడు వెతకాలి, వేలు వణక్కుండా మీట నొక్కాలి. బురదముద్ద అయితే కానీలే అని రెండుసార్లు అనుకున్నాను. అనుకున్నానే గాని, తప్పు లెక్కలోకి ఎక్కుతుందని తెలిసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. లేచి కూడు పెట్టాను.

కొన్ని వారాలకు, అదీ మంగళవారమే, తెర మసకబారింది. ఫోను చేశాను. ఈసారి పొరపాటుకు చోటివ్వదలచుకోలేదు.

“బాట్రీ తీర్ందు పోచ్చు” అన్నాను తమిళంలో. అయిపోయింది అని. ఆ మాట గడప లోపల నా నోట రావడం అదే మొదలు.

అటువైపు కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తోంది.

“అవ్వా” అంది. “మంగళారం పూట అట్ల అంటారా? నిండుకునింది అను.”

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

“నువ్వే కదా తెలుంగు పేసాదీంగ అంటివి.”

“అది ఏడో క్లాసు పిల్ల అనింది. ఇంకా మనసులో పెట్టుకోనుండావా?”

“నేను ఎప్పుడు మరిస్తిని?”

“చాల్లే అవ్వా. ఇక్కడ నా రూములో ఉండేది పెరియకుళం పిల్ల, మన తెలుగుదే. పోయిన నెల దాంతో బియ్యం నిండుకునింది, వచ్చేటప్పుడు చూసుకో అంటిని. ఎట్ల వచ్చిందో, నోటికి అట్లే వచ్చింది. అది డబ్బా నిండుగా ఉండాది అనుకోని ఉత్త చేతులతో వచ్చింది. ఆ పూట ఇద్దరమూ పస్తు. నేను దాని మీద అరిస్తే, నిండింది అంటివి కదా అనింది.”

“నువ్వు ఏమంటివి?”

“నిండింది అనలేదు, నిండుకునింది అంటిని అన్నాను. రెండూ ఒకటి కాదు అన్నాను.” మిషన్ల చప్పుడు మీదుగా నవ్వు వినిపించింది. “ఇప్పుడు చెప్పు అవ్వా.”

“నిండుకునింది.”

“సరి. బొమ్మ అట్టపెట్టెలో ఇంకొక బాట్రీ ఉండాది. మర నువ్వే తియ్యి.”

ఫోను బల్ల మీద పెట్టి మర తీశాను. ఆవగింజంత మర, వేళ్ళకు చిక్కదు, కళ్ళజోడు జారుతుంది. ఒకసారి మర కింద పడితే చీపురుతో వెతికాను. అంతసేపూ ఫోనులో అవతల మిషన్లు కుడుతూనే ఉన్నాయి, ఆ పిల్ల పెట్టెయ్యలేదు. కొత్త బ్యాటరీ వేసి మూత బిగించాను.

“ఉండాదా?”

“ఉండాది. ఆకలి అంటా ఉండాది.”

“దానికి ముందు పెట్టు. నువ్వు తింటివా?”

వేళ రెండు దాటింది, నేను తినలేదు. ఆ మాట చెప్పకుండా, కింద కూర్చుని, దానికి కూడు పెట్టాను.