బురుజు మీద అతుకు

మా అన్నయ్య లమీన్ చేపలు పట్టేవాడు. పంతొమ్మిది వందల తొంభై మూడు శీతాకాలంలో పోయాడు. చదువుకోలేదు గానీ మా ఊరి కోటను అతనంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరని ఇప్పుడు తెలుస్తోంది.

దారి చూపే యంత్రాలు అప్పటికి మా రేవుకు రాలేదు. నీళ్ల మీద ఒక చోటును గుర్తుపెట్టుకోవాలంటే ఒడ్డు మీదివి రెండు వస్తువులు ఒకే వరుసలోకి రావాలి. అలాంటి వరుసలు రెండు కలిసినచోట పడవ ఆపుతారు. లమీన్ ఆపే చోట అడుగున ఒక రాతిగుట్ట ఉంది. దాని సందుల్లో మోచేతి పొడవు చేపలుండేవి. మా నాన్న కనిపెట్టిన చోటు అది. సీదీ మస్ఊద్ అనే ఫకీరు సమాధి మీది తెల్లగుమ్మటం, దాని వెనకున్న రెండు కొండల నడిమి గంటులో కూర్చోవాలి. అదే సమయానికి కోట బురుజు విరిగిన అంచు వచ్చి, సముద్రంలో నిలబడ్డ సూదిరాళ్లలో మూడోదాన్ని తాకాలి. అంతే.

ఈ గుర్తులు సొంత తమ్ముడికి కూడా చెప్పరు. కాఫీ కొట్టులో అడగడం మర్యాద, అబద్ధం చెప్పడం అంతకన్నా మర్యాద.

యాభై ఎనిమిదో ఏట లమీన్ చూపు మసకబారింది. కంటినరం ఎండిపోయిందనీ, పోయిన చూపు ఇక రాదనీ ట్యూనిస్‌లో డాక్టరు చెప్పాడు. అన్నయ్య ఆ సంగతి రేవులో ఎవరికీ తెలియనివ్వలేదు. తాడు, ఇంజను, గాలివాటం చేతికి తెలుసు. ఒడ్డే కనబడదు. బడిలో భూగోళం చెప్పుకునే నన్ను పిలిచి తనతో రమ్మన్నాడు. ఈ నెలలోగా రాతిగుట్ట దొరక్కపోతే పడవ అమ్మేస్తానన్నాడు. ముందు నాకు నేర్పింది అసలు గుర్తులు కాదు, అబద్ధం. ఎవరడిగినా “మినారు, సుంకాల ఇంటి పొగగొట్టం ఒక వరుసలోకి రావాలి” అని చెప్పమన్నాడు. నా చేత రెండుసార్లు అనిపించాడు కూడా.

ఆదివారం ఇద్దరం పడవెక్కుతుంటే పక్క పడవలోంచి బూబకర్ పలకరించాడు. అన్నయ్యకు చిన్ననాటి స్నేహితుడు, జీవితమంతా పోటీదారు.

“ఏం టీచరమ్మా, చేపలకి హాజరు వేస్తావా?”

“నీ దగ్గరికి రాని వాటికి,” అన్నాను. లమీన్ నవ్వాడు.

గుమ్మటాన్ని గంటులోకి తేవడం కష్టం కాలేదు. బురుజు దగ్గరే చిక్కుపడ్డాం. విరిగిన అంచు లేదు. కిందటి ఏడాది బాగుచేసి, మూలను నిటారుగా కట్టేశారు. ఆ సంగతి కాఫీ కొట్టులో లమీన్ కూడా విన్నాడు. కానీ అతని కళ్ల వెనక కోట ఇంకా విరిగే ఉంది. ఎంత మేర విరిగి ఉండేదో చెప్పమన్నాడు. చెప్పలేకపోయాను. పుట్టినప్పటి నుంచీ కిటికీలోంచి చూసిన కోట అది.

“పిల్లలకి దేశాలన్నీ చూపిస్తావు, ఇంటి ముందు గోడ చూడలేదా?” అన్నాడు.

ఉజ్జాయింపుగా మూడు చోట్ల గాలం వేశాం. నాచు వచ్చింది. తరవాతి రెండు ఆదివారాలూ అంతే. మూడోసారి తిరిగి వస్తూ, హరీసా కారం రాసిన రొట్టె సగం నాకిచ్చి, బూబకర్ మేనల్లుడు పడవ కొనేలా ఉన్నాడని మామూలుగా చెప్పాడు.

నెలలో చివరి ఆదివారం పొద్దున్నే చిన్న వాన కురిసి ఆగింది. ఎండ పక్కనుంచి గోడ మీద పడింది. పాత రాళ్లు తడిసి నల్లబడ్డాయి. కొత్తవి లేత పసుపుగానే ఉన్నాయి. మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుకు వేసిన గుడ్డలాగా, బురుజు మూలన అతుకు.

“అన్నయ్యా, అతుకు కనబడుతోంది. కిందినుంచి మెట్లుమెట్లుగా పైకి పోతోంది.”

“ఎన్ని మెట్లు?”

“నాలుగు.”

“పై మెట్టును పట్టుకో. విరిగిన అంచు అదే,” అన్నాడు.

పై మెట్టు మూడో సూదిరాయిని తాకగానే చెయ్యెత్తాను. అతనికి చెయ్యి కనబడదని గుర్తొచ్చి “ఆపు” అన్నాను. మొదటి గాలానికే తాడు బిగుసుకుంది. లమీన్ చేపను పైకి లాగి, తల నుంచి తోక దాకా అరచేత్తో తడిమి, నీళ్లలో చెయ్యి కడుక్కున్నాడు. పడవ అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. ఆ అతుకును పట్టుకుని ఇంకో రెండేళ్లు వెళ్లాం. ఉప్పుగాలికి కొత్త రాళ్ల రంగు ఏటికేడు దిగిపోతుండేది. ఎంత దిగిందో ప్రతి ఆదివారం చెప్పించుకునేవాడు.

అతను పోయిన మూడో రోజున బూబకర్ వచ్చాడు. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి నెమ్మదిగా అడిగాడు.

“ఇంతకీ ఆ చోటు ఎక్కడమ్మా?”

“మినారు, సుంకాల ఇంటి పొగగొట్టం. రెండూ ఒక వరుసలోకి రావాలి,” అన్నాను.

బూబకర్ తలాడించాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“నాకూ అదే చెప్పాడు. ముప్పై ఏళ్ల కిందట.”