తువాలు కింద ఐదు వేళ్ళు

ఇప్పుడు ఆటగాళ్ళను టీవీలో అరిచి మరీ వేలం వేస్తుంటే మా మనవలు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. తొంభైల్లో మా నాందేడ్‌లో ఆ పని ఒక తువాలు కింద, నోరు విప్పకుండా జరిగిపోయేది. మా మామ (పిల్లనిచ్చిన మామ, పిల్లతోపాటు తిండీ, ఉండడానికి గదీ కూడా ఆయనే ఇచ్చాడు, ఇల్లరికం మరి!) మోండాలో, అంటే మా ఊరి ధాన్యం మార్కెట్‌లో, అడ్తి వ్యాపారి. అక్కడ బస్తాలు మోసే హమాలీలను చేరదీసి కబడ్డీ జట్టు కట్టాడు. ధర్మాబాద్ నుంచి హిమాయత్‌నగర్ దాకా అన్ని ఊళ్ళలో గెలిచి, జట్టు యజమానిగా అందరిచేతా ‘మాలక్’ అనిపించుకున్నాడు. ఇంతా చేసి ఒక్క ఆటైనా కళ్ళారా చూసినవాడు కాదు. చూస్తే గుండె దడట! మైదానానికి వీపు పెట్టి నిలబడి, జనం అరుపులను బట్టి ఎవరు అవుటయ్యారో చెప్పేవాడు.

నేనా, డిగ్రీ ఉండీ పని లేనివాణ్ణి. ఆ జట్టుకు మేనేజర్ అనిపించుకోవాలని, అదీ మామ నోట అనిపించుకోవాలని, ఒకటే తహతహ. ఒక ఏడు పోటీలకు వారం ముందు నాకు అవకాశం దొరికింది. "అల్లుడా, ధర్మాబాద్ మిల్లాయన జట్టుల కూతకు పోయే మొనగాడు ఒకడున్నడు. ఈ ఏడు వాడు మనకు ఆడాలె. వాని బదులు మనోళ్ళు ఇద్దరు ఆయనకు ఆడుతరు. తువాలు కింద రెండు వేళ్ళు పట్టు, గంతే. ఎంత గుంజినా మూడు దాటకు. ఒక్కపారి పట్టినంక మాట తప్పేది లేదు, ఎరుకేనా?" అన్నాడు మామ. పట్టిన వేళ్ళెన్నో అంతమంది ఆటగాళ్ళను ఇస్తామన్నట్టు. మోండాలో అందరికీ తెలిసిన లెక్కే. "గిదేం పెద్ద పని మామా!" అన్నాను. నాకు అరచేతిలో ఘోరమైన కితకితలని నా భార్యకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

ధర్మాబాద్‌లో మిల్లాయన మా ఇద్దరి చేతుల మీదా తువాలు కప్పాడు. బుద్ధిగా రెండు వేళ్ళు పట్టాను. ఇంకొంచెం పెంచమన్నట్టు ఆయన నా అరచేతిలో మెల్లగా గీరాడు. అంతే! కెవ్వుమని నవ్వి, మెలికలు తిరిగిపోయి, ఆ గీరుడు ఆపడానికి ఆయన చెయ్యి మొత్తం పిడికిట్లో బిగించేశాను.

"ఐదు! సౌదా ఝాలా!" అని, బేరం కుదిరిపోయిందని మరాఠీలో తేల్చేసి, ఆయన తువాలు లాగేశాడు.

"అయ్యో, నాకు కితకితలైనయి!" అన్నాను.

"కితకితలైతే చెయ్యి గుంజుకుంటరు గానీ, ఐదు వేళ్ళు పడతరా బిడ్డా?" అని, చాయ్ తాగించి మరీ రైలెక్కించాడు.

మామ విని, ఐదుగుర్ని పంపే ఏర్పాట్లకు మోండాకు వెళ్ళిపోయాడు. మా ఆవిడ మాత్రం "ఒక్కనికి ఐదుగురా! ఇగ నిన్ను కూరగాయలకన్న పంపొచ్చునా?" అని రాగం తీసింది. ఆ ఐదుగురిలో ఒకడైన మా కెప్టెన్ మోస్తున్న బస్తా దించి, "మమ్మల్ని ఇచ్చేసినవా బావా?" అన్నాడు. వాడి ముఖం చూడలేకపోయాను.

పోటీల్లో మా తొలి ఆట మిల్లాయన జట్టుతోనే పడింది. మాకు మిగిలిన ఇద్దరు, కొత్త మొనగాడు, జీపు డ్రైవరు, మామ తమ్ముళ్ళిద్దరు, ఏడోవాణ్ణి నేను. అవతల మా ఐదుగురూ! నా కితకితల సంగతి అప్పటికే ఊరంతా పాకింది. కూతకొచ్చిన మా పాత కెప్టెన్ నన్ను ముట్టనైనా ముట్టలేదు, గాల్లో వేళ్ళాడించాడు. నేను కిలకిలా నవ్వుతూ గీత దాటి బయట పడ్డాను. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. కబడ్డీలో నవ్వులేమిటో అంతుబట్టక, మామ జీవితంలో మొదటిసారి ఇటు తిరిగాడు. తిరిగి చూసింది నన్ను!

చిత్తుగా ఓడాక మిల్లాయన మామ చేతి మీద తువాలు కప్పి, చెవిలో ఏదో అన్నాడు. మావాళ్ళు తిరిగొస్తారని దూరం నుంచి చూస్తున్న నాకు ప్రాణం లేచొచ్చింది. నిమిషమైనా కాలేదు, మామ చెయ్యి విదిలించుకుని వచ్చి జీపెక్కాడు. నా మీది కోపంతోనే బేరం కాదనుకున్నాడని దారంతా కుమిలిపోయాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఆకలైతుందా అల్లుడా?"

మామ పోయిన చాలా ఏళ్ళకు, మా అమ్మాయి పెళ్ళి బంతిలో ముసలి మిల్లాయన నా పక్కన కూర్చున్నాడు. "ఆ దినం మీ మామను ఏమడిగిన్నో ఎరుకేనా? ‘నీ ఐదుగుర్ని నువ్వు తీస్కపో, నీ అల్లున్ని నాకియ్యి, మా మిల్లుల నవ్వెటోడు ఒక్కడు లేడు’ అన్న. ‘మా మేనేజర్‌ను ఇయ్య’ అని చెయ్యి గుంజుకున్నడు."

ఆయన విస్తట్లో ఇంకో లడ్డు వేయించి, ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాను.

మొన్న వేలం చూస్తూ మనవడు, "తాతా, నిన్నయితే ఎంతకు కొంటరు?" అన్నాడు. "ఐదుగుర్ని ఇస్తమన్నా నన్ను ఇయ్యలేదురా!" అన్నాను. వాడికి ఏమర్థమైందో, నా అరచేతిలో గీరి పారిపోయాడు. మామ ఎక్కడున్నా ఇటు తిరిగేంత గట్టిగా నవ్వాను.